పిల్లలు బడికెళ్ళాక ఆ ఏడు గంటలు

హైదరాబాద్ శివార్లలోని ఒక అపార్ట్‌మెంట్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 34. పుట్టిల్లు ఖమ్మం వైపు పల్లె. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చదివారు. ఒక ప్రైవేటు స్కూల్లో ఐదేళ్ళు లెక్కలు చెప్పి, రెండో కాన్పుకు మానేశారు. బాబు మూడో తరగతి. పాప ఈ జూన్‌లోనే నర్సరీలో చేరింది. భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"పాప బడికెళ్తే నాకు టైమ్ దొరుకుతుంది, ఇల్లు అద్దంలా పెట్టుకోవచ్చు, వాకింగ్ చేయొచ్చు, కుట్టు నేర్చుకోవచ్చు అని రెండేళ్ళు ఎదురుచూశాను" అని రాశారు. తీరా ఆ టైమ్ వచ్చాక జరుగుతున్నది వేరు. 8.20కి స్కూల్ వ్యాన్ కదలగానే సోఫాలో కూర్చుంటారు. ఐదు నిమిషాలే అనుకుని ఫోన్ పట్టుకుంటే తల ఎత్తేసరికి పదకొండున్నర. స్నానం ఉండదు, సింకు నిండా గిన్నెలు. టిఫిన్ పన్నెండింటికి, అదీ చాలాసార్లు బాబు వదిలేసిన ఇడ్లీ ముక్కలతో. రెండున్నరకు గుండె దడ మొదలవుతుంది. 3.10కి వ్యాన్ తిరిగొచ్చేలోపు అరగంటలో ఇల్లంతా సర్దేస్తారు. ఇప్పటికి ఆరు టైంటేబుళ్ళు రాసుకున్నారు, ఏదీ మూడు రోజులు దాటలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేస్తే జీవితం మారుతుందన్న వీడియో చూసి అదీ ప్రయత్నించారు. భర్త "ఇంట్లోనేగా ఉంటావు, గ్యాస్ బుక్ చేయడానికి కూడా టైమ్ లేదా?" అంటారు. అత్తగారు ఊరి నుంచి పదకొండింటికి వీడియో కాల్ చేసి "ఇంకా స్నానం కాలేదా?" అంటారు. పక్క ఫ్లాట్ ఆవిడకు తొమ్మిదికల్లా ముగ్గు, స్నానం, పూజ అన్నీ అయిపోతాయట. జుట్టు రాలుతోంది, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోంది అని మధ్యలో ఎక్కడో రాశారు. "నాది బద్ధకమా? ఇంట్రెస్ట్ అనేదే చచ్చిపోయిందా? రోజు గాడిలో పడాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. చివరి పేజీ అంచున ఇంకో మాట ఉంది: "2016లో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసయ్యాను, అదీ ఇప్పుడు చెల్లదేమో. చదివిన చదువు..." అక్కడ ఆపేశారు.

సమాధానం:

మీ ఉత్తరాన్ని రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "ఖాళీగా" అన్న మాట కింద గీతలు పెడుతూ పోతే తొమ్మిది తేలాయి. తర్వాత అదే ఉత్తరంలో మీరు చేసినట్టు చెప్పిన పనులు పక్కన రాసుకున్నాను. ఐదున్నరకు లేవడం, పాలు కాచడం, మూడు బాక్సులకు వంట, టిఫిన్, ఇద్దరి స్నానాలు, యూనిఫాం ఇస్త్రీ, పాపకు జడలు, సంతకం పెట్టాల్సిన డైరీ, రేపటి దోసెలకు మినప్పప్పు నానేయడం. ఎనిమిదీ ఇరవైకే దాదాపు మూడు గంటల పని. ఆ మూడు గంటలకు మీ ఉత్తరంలో దక్కిన చోటు ఒకటిన్నర వాక్యం. సోఫా మీద గడిపిన మూడు గంటలకు మాత్రం పేజీన్నర!

అందుకని ముందు ఆ సోఫా సంగతే మాట్లాడుకుందాం. ఏ ఫ్యాక్టరీలో అయినా, ఏ ఆఫీసులో అయినా మూడు గంటలు ఊపిరాడని పని అయ్యాక ఒక టీ టైమ్ ఉంటుంది. అక్కడ టీ తాగుతున్నవాణ్ణి ఎవరూ బద్ధకస్తుడనరు. వాడూ అనుకోడు. తాగి, కప్పు పడేసి వెళ్ళిపోతాడు. మీరు కూర్చునేది కూడా ఆ టీ కోసమే. కానీ దానికి ఆ పేరు పెట్టలేదు. "ఐదు నిమిషాలే" అని మీకు మీరే అబద్ధం చెప్పుకుని, దొంగతనంగా కూర్చుంటున్నారు. దొంగతనంగా తిన్నది ఒంటికి పట్టదు. అందుకే మూడు గంటలు కూర్చున్నా లేచేసరికి అలసట అలాగే ఉంటోంది. అలసట తీరలేదు కాబట్టి ఇంకో రీల్, ఇంకో రీల్.

ఫోన్‌ను నేను తిట్టను. నా చేతిలోనూ ఉంది, నేనూ చూస్తాను. మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, విశ్రాంతిని విశ్రాంతి అనే చెప్పుకుని తీసుకోవడం. వ్యాన్ వెళ్ళాక అరగంట నాది అని అలారం పెట్టుకుని దర్జాగా కూర్చోండి, రీల్సే చూడండి. కొన్ని రోజులు అరగంట గంటవుతుంది, అయినా మూడు గంటల కంటే నయమే. రెండోది, స్నానం అయ్యేదాకా ఫోన్‌ను బెడ్‌రూమ్‌లో చార్జర్‌కే వదిలేయడం. మొదటి నాలుగైదు రోజులు చెయ్యి ఊరికే దానికోసం వెతుకుతుంది. స్కూల్ వాట్సాప్ గ్రూపులో ఏం మిస్సవుతున్నామో అన్న టెన్షన్ ఉంటుంది. రింగ్ గట్టిగా పెట్టుకోండి, నిజంగా అవసరమైనవాళ్ళు ఫోనే చేస్తారు. మీ స్వభావాన్ని బట్టి మొదటిది మీకు కుదురుతుందని నాకనిపిస్తోంది, ఎందుకంటే కట్టుదిట్టంగా పెట్టుకున్నవన్నీ మీరు మూడో రోజున వదిలేశారు. కానీ తేల్చుకోవాల్సింది మీరు.

ఆ అరగంటలో చేయాల్సిన పని ఒకటే ఒకటి చెప్తాను. తినండి. వేడిగా, మీ ప్లేటులో, మీ కోసం వేసుకున్న రెండు దోసెలు. బాబు వదిలేసినవి లెక్కలోకి రావు. ఐదున్నరకు లేచిన మనిషి పన్నెండింటిదాకా టీతో నడుస్తుంటే ఒంట్లో ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? దీన్ని "మోటివేషన్ లేకపోవడం" అని మీరు రాశారు. సగం ఆకలేనేమో.

ఇక టైంటేబుళ్ళు. మీరు స్కూల్లో పనిచేశారు కాబట్టి మీకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఎనిమిది పీరియడ్లూ మీరు చెప్పగలిగింది గోడ మీద టైంటేబుల్ అతికించినందుకా? అటెండర్ గంట కొట్టినందుకు. గంట కొట్టగానే నలభై మంది పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ అనేవాళ్ళు, మీకు మూడ్ ఉన్నా లేకున్నా సుద్దముక్క చేతిలోకి వచ్చేది. ఇంట్లో ఆ గంట లేదు. పేపరు మీద 9.00 స్నానం, 9.30 గిన్నెలు అని రాసుకున్నారు, తొమ్మిదికి గంట కొట్టేవాళ్ళెవరు? పైగా మధ్యలో కొరియర్ అబ్బాయి వస్తాడు, వాచ్‌మన్ నీళ్ళ ట్యాంకర్ డబ్బులంటాడు, అత్తయ్యగారి కాల్ వస్తుంది. 9.30ది 10.15 అవుతుంది. ఒక గడి తప్పగానే రోజంతా పోయినట్టు అనిపించి మిగతాదీ వదిలేస్తారు. మీలోని లెక్కల టీచరు చేస్తున్న తప్పు ఇదే, ఒక స్టెప్పు తప్పితే లెక్క మొత్తానికి సున్నా వేసేస్తున్నారు.

మీకు గంట అంటూ అసలే లేకపోలేదు, ఒకటుంది. అది 3.10 వ్యాన్. అది వస్తుందంటే అరగంటలో ఇల్లంతా సర్దేస్తున్నానని మీరే రాశారు. ఓపిక లేని మనిషి, ఇంట్రెస్ట్ చచ్చిపోయిన మనిషి అలా సర్దలేదు. మీ రోజుకు అలాంటి గంటలు ఇంకో రెండో మూడో కావాలి, అంతే.

మా అమ్మ దగ్గర టైంటేబుల్ ఉండేది కాదు. ఎండ ముదరకముందే బావిలో నీళ్ళు తోడాలి. పాలు పోసే ఆయన వచ్చేలోపు గిన్నె కడిగి పెట్టాలి. శుక్రవారం గడపకు పసుపు, ఆదివారం మా తలంట్లు. రోజును బయటి పనులే లాక్కెళ్ళేవి. (ఆ కాలమే బాగుండేదని అనడం లేదు. అరవై ఏళ్ళకే ఆవిడ నడుం వంగిపోయింది. పైగా ఆ ఇంట్లో మా నాయనమ్మ, మేనత్త కూడా పనిలో ఉండేవారు. మీ ఫ్లాట్‌లో మీరు ఒక్కరే.) నేను చెప్పేది ఆ పద్ధతిలో ఒక్క ముక్క. పనిని గడియారానికి కట్టకుండా, ఎలాగూ జరిగే ఇంకో పనికి కట్టండి. టిఫిన్ తిన్న ప్లేటు సింకులో పెట్టేటప్పుడే గిన్నెలు. మధ్యాహ్నం కుక్కర్ కూతలు వేశాక పొయ్యి ఆపేసి, ఆవిరి తగ్గేలోపు స్నానం. ఒక కట్టు ఊడితే ఆ ఒక్కటే ఊడుతుంది, మిగతావి ఉంటాయి. దీని ఇబ్బంది ఏమిటంటే, రోజు చూడ్డానికి అందంగా ఉండదు. ఫలానా టైమ్‌కి ఫలానా పని అని చెప్పుకోలేరు. పక్క ఫ్లాట్ ఆవిడలా తొమ్మిదికల్లా అన్నీ కావు. ఆవిడ పిల్లలు ఏ వయసువాళ్ళో, ఇంట్లో ఇంకెవరున్నారో, పనిమనిషి ఉందో లేదో మీరు రాయలేదు. మీకూ తెలియదేమో.

మూడ్ గురించి ఒక మాట. మూడ్ వస్తే పని మొదలుపెడదాం అనుకుంటాం కానీ ఎక్కువసార్లు పని మొదలయ్యాకే మూడ్ వస్తుంది. కుంగుబాటుకు చేసే చికిత్సల్లో ఈ సూత్రం మీదే నిలబడ్డ పద్ధతి ఒకటి ఉంది, బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు. చిన్న పనితో మొదలుపెట్టించి, ఉత్సాహం వెనకాలే వస్తుందో లేదో గమనించమంటారు. సింకు మొత్తం కడగాలి అనుకుంటే లేవబుద్ధి కాదు. నాలుగు గ్లాసులు కడుగుదాం అని లేవండి. కొన్ని రోజులు నాలుగు గ్లాసుల దగ్గరే ఆగిపోతారు, పోనివ్వండి.

ఇంటిపనిలో ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ పెద్దగా మాట్లాడరు. చేసింది సాయంత్రానికి మిగలదు. తుడిచిన గచ్చు మీద అటుకులు పడతాయి, మడతపెట్టిన బట్టలు విప్పుకుంటారు, వండింది తినేస్తారు. స్కూల్లో అయితే భిన్నాలు రాని పిల్లాడికి మార్చి నాటికి భిన్నాలు వచ్చేవి, అది మీ కళ్ళకు కనబడేది. అందుకే వారానికి ఒక్కటైనా చెరిగిపోని పని పెట్టుకోమంటాను. మీరే కుట్టు అన్నారు. యూట్యూబ్‌లో నేర్చుకోవచ్చు, ఖర్చు లేదు, కానీ మళ్ళీ గంట కొట్టేవాళ్ళు ఉండరు, మిషన్ మీద ఉతికిన బట్టలు పేరుకుంటాయి. దగ్గర్లో ఎవరైనా నేర్పేవాళ్ళుంటే వారానికి రెండు రోజులు పదింటికి వెళ్ళి కూర్చోండి. ఫీజు కట్టాలి, పాపకు జ్వరం వస్తే క్లాసు పోతుంది. అయినా అక్కడ మీ కోసం ఒక కుర్చీ ఉంటుంది, రాకపోతే "నిన్న రాలేదేం?" అనే మనుషులుంటారు. ఆ ప్రశ్న విని ఎన్నాళ్ళయిందో చూడండి మీకు!

ఇప్పుడు మీవారి మాట. "ఇంట్లోనేగా ఉంటావు." ఆయన చెడ్డవాడని నేననుకోవడం లేదు, ఆయనకు కనబడదు, అంతే. జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనులు చేసే ఆడవాళ్ళు వాటికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారు. అదే పని చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునే టైమ్ ఇందులో కలవలేదు, అది వేరే లెక్క. 2021 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక రోడ్డు ప్రమాదం కేసులో, ఇల్లు చూసుకునే భార్య పనికి విలువ కట్టి నష్టపరిహారం లెక్కేయాల్సిందేనని చెప్పింది. ఆ ధర్మాసనంలో మన జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్నారు. ఈ అంకెలూ తీర్పులూ మీకోసం చెప్తున్నాను, ఆయన ముందు పెట్టడానికి కాదు. అంకెలతో వాదన గెలవొచ్చు, ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడరు.

ఆయనతో రెండు రకాలుగా మాట్లాడొచ్చు. "నాకు సాయం చేయండి" అంటే ఆయన సరే అంటారు, రెండు రోజులు చేస్తారు, ఏం చేయాలో రోజూ మీరే చెప్పాల్సి వస్తుంది, చివరికి చెప్పడమే ఒక పనై "నేనే చేసుకుంటాలే" అంటారు. రెండోది, ఒక పనిని పూర్తిగా ఆయన పేరు మీద రాసేయడం. ఉదాహరణకు పొద్దున పాప స్నానం, జడలు, బూట్లు. గ్యాస్ బుకింగ్, కరెంటు బిల్లు కూడా ఆయన ఫోన్‌లోకే పోవచ్చు. దీనికి మీ వైపు నుంచి ఒక ఖరీదు ఉంది. జడలు వంకరగా వస్తాయి. ఒకటి చెవి మీద, ఒకటి మెడ మీద. మీరు విప్పి మళ్ళీ వేయకూడదు. వేశారా, ఆ పని ఆ రోజే మీ దగ్గరికి తిరిగొచ్చేస్తుంది. ఆయన ఒప్పుకోకపోతే? అప్పుడు బాక్సుల్లో మూడో రకం కూర మానేయండి. ఇంట్లో ఒకరి మీదే మొత్తం ఉన్నప్పుడు పనైనా తగ్గాలి, చేతులైనా పెరగాలి.

పనికి మొదలు ఎంత అవసరమో ముగింపూ అంతే. మీరు రాత్రి పదకొండున్నరకు కూడా టిఫిన్ డబ్బాలు తుడుస్తున్నానని రాశారు. పగలు కూర్చున్నానన్న తప్పుభావంతో రాత్రి పని లాగుతున్నారని నా అనుమానం. తొమ్మిదిన్నరకు వంటింటి లైటు తీసేయండి. పదింటికి ఎవరైనా టీ అడిగితే స్టవ్ ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు.

జుట్టు రాలడం, ఆయాసం మాత్రం నేను ఉత్తరంలో తేల్చేవి కావు. మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్తోంది. గర్భంతో లేని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. థైరాయిడ్ తగ్గినా ఇలాగే ఉంటుంది, పొద్దున లేస్తూనే అలసట, దేని మీదా మనసు పోకపోవడం. డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, వీలైతే బి12 పరీక్షలు చేయించుకోండి. వచ్చే నెల చూద్దాం అనొద్దు, ఈ వారమే. ఒంట్లో రక్తం లేకపోతే పైన నేను చెప్పిందంతా దండగ.

అలాగే ఇంకోటి మీకు మీరే నిజాయితీగా చూసుకోవాలి. రెండు వారాలకు మించి, దాదాపు రోజంతా మనసు దిగులుగా ఉంటోందా? ఒకప్పుడు ఇష్టమైన పాట, పుట్టింటి ఫోను కూడా రుచించడం లేదా? నిద్ర, ఆకలి బాగా మారాయా? నేను లేకపోతేనే నయం అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తోందా? వీటికి అవును అన్న జవాబు వస్తే అది టైంటేబుల్ విషయం కాదు, డాక్టరు చూడాల్సిన విషయం. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ప్రభుత్వానిదే, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ చివరి ఆలోచన వస్తుంటే మాత్రం ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి, మీవారికీ చెప్పండి.

చివరి పేజీ అంచున మీరు ఆపేసిన వాక్యం దగ్గరికి వస్తాను. నాలుగు పేజీల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ వినబడింది అదే.

ముందు ఒక చిన్న సంతోషం. మీ టెట్ చెల్లుతుంది. ఒకప్పుడు ఏడేళ్ళే గడువు ఉండేది. 2021లో కేంద్రం దాన్ని జీవితాంతం చేసింది, 2011 నుంచి పాసైనవాళ్ళందరికీ వర్తించేలా. ఆ మార్కుల కాగితం ఎక్కడ పెట్టారో వెతకండి. ఉద్యోగానికి వెళ్ళమని దీని అర్థం కాదు. చెల్లదనుకుని మూసేసిన తలుపు మూసి లేదని చెప్తున్నాను, అంతవరకే.

వెళ్ళాలనుకుంటే దగ్గర్లోని స్కూల్ మీకు బాగా కుదరొచ్చు, సెలవులు పిల్లలతోపాటే వస్తాయి. జీతం మీ డిగ్రీలకు తగ్గట్టు ఉండకపోవచ్చు, నోటు పుస్తకాలు ఇంటికి మోసుకొస్తారు, పరీక్షల నెలలో మీ పిల్లల చదువు చూడ్డానికే టైమ్ చాలదు. మీరు బయటికెళ్ళినంత మాత్రాన ఇంటిపని తనంతట తాను తగ్గదు, కాబట్టి జడల సంగతి ముందే తేలాలి. ఇంట్లోనే ట్యూషన్ చెప్తానంటే పెట్టుబడి లేదు, డబ్బు మీ చేతికే వస్తుంది. కాకపోతే పిల్లలొచ్చే టైమ్ సాయంత్రం నాలుగు నుంచి ఆరు, సరిగ్గా మీ పాపకు మీ ఒళ్ళో కూర్చోవాలనిపించే టైమ్. పైగా ఖాళీగా అనిపిస్తున్నది పగలు, ట్యూషన్ దాన్ని నింపదు.

మూడోది, ఇంకో రెండేళ్ళు ఇంట్లోనే ఉండటం. దీన్ని తక్కువ చేసి చూడొద్దు. కానీ "ఎలాగూ ఉన్నాను కదా" అని ఉండటం వేరు, "పాప ఒకటో తరగతికి వచ్చేదాకా ఉంటాను" అని ఇద్దరూ కూర్చుని అనుకుని ఉండటం వేరు. రెండో పద్ధతిలో ఉంటే నెలకు ఇంత మీ పేరు మీద బ్యాంకులో పడాలి, ఆదివారం ఒక పూట వంట మీది కాకూడదు. ఇవి ముందే మాట్లాడుకోకపోతే రెండేళ్ళ తర్వాత ఇదే ఉత్తరం ఇంకో రెండు పేజీలు ఎక్కువగా రాస్తారు.

ఈ మూడింటిలో ఏదో ఒకటి ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. ముందు రక్తపరీక్ష, వేడి టిఫిన్, ఒక నెల. ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక ఆ సగం వాక్యాన్ని మళ్ళీ తీసి, మీరే పూర్తి చేసి చూడండి.

నాలుగున్నరకు లేవాలా అని అడిగారు. అక్కర్లేదు. పదకొండున్నరకు పడుకునేవాళ్ళు నాలుగున్నరకు లేస్తే పదింటికి సోఫాలో నిద్రపోతారు, మీకు జరిగిందీ అదేగా.

అత్తయ్యగారి పదకొండు గంటల కాల్‌కు ఒక చిట్కా ఉంది, మా పక్కింటి కోడలు చేసేది. అత్తయ్యగారు కాల్ చేసేలోపే మీరు చేసేయండి. తొమ్మిదింటికి, టిఫిన్ ప్లేటు చేతిలో ఉండగానే, "అత్తయ్యా, గోంగూర పచ్చడికి మీరు ఎండుమిర్చి ఎన్ని వేస్తారు?" అని అడగండి. ఆవిడ పావుగంట చెప్తారు. ఆ టైమ్‌లో మీ స్నానం గురించి అడగడానికి ఆవిడకు గుర్తే ఉండదు.